కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా: తీరం దారిలో ఊరి హోటళ్ళలో కడుపునిండా తినడం ఎలా

కాకినాడ నుంచి చీరాల వైపు కారులో బయల్దేరేవాళ్ళు చాలామంది 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని రాజమండ్రి, ఏలూరు, విజయవాడ మీదుగా వెళ్ళిపోతారు. త్వరగా చేరతారు, నిజమే. కానీ సముద్రం పక్కనే ఇంకో దారి ఉంది. 216వ నంబరు రహదారి. కత్తిపూడి దగ్గర 16 నుంచి విడిపోయి, పిఠాపురం, కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల చుట్టి ఒంగోలులో మళ్ళీ 16లో కలుస్తుంది. దాదాపు 390 కిలోమీటర్లు. గోదావరి పాయలు దాటాలి, కృష్ణ దాటాలి. ఈ దారిలో పెద్ద ఫుడ్ కోర్టులు పెద్దగా కనిపించవు. ఊరి మెస్‌లు, కాకా హోటళ్ళు, అరుగు మీద పొయ్యి పెట్టుకున్న టిఫిన్ సెంటర్లు ఉంటాయి. వాటిలో బాగా తినాలంటే కొంచెం తెలుసుకుని వెళ్ళాలి.

మేం మొదటిసారి వెళ్ళినప్పుడు ఏమీ తెలుసుకోలేదు. కాకినాడలో పది దాటాక తీరిగ్గా టిఫిన్ చేసి, యానాంలో గోదావరి ఒడ్డున కూర్చుని ఫొటోలు దిగి, అమలాపురం దాటి ఒక మెస్ ముందు ఆగేసరికి మూడున్నర అయింది. లోపల గిన్నెలు కడుగుతున్నారు. వండినవన్నీ అయిపోయాయి. మా అమ్మకి షుగర్. ఆవిడ అప్పటికే చెమటలు పట్టి నీరసపడిపోయింది. వాళ్ళు పాపం ఉన్న అన్నంలో పెరుగు కలిపి పెట్టి, మాకు ఆమ్లెట్లు వేసిచ్చారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఊరి హోటల్లో ఎన్నింటికి తింటామన్నది మన ఆకలి మీద ఆధారపడదు, వాళ్ళ పొయ్యి మీద ఆధారపడుతుంది. నేను చెప్పే మిగతా సంగతులన్నీ దీని చుట్టూ తిరిగేవే.

1. ముందు క్యాలెండర్ చూడండి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు సముద్రంలో వేటకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నిషేధం అది. పిల్లల వేసవి సెలవులు కూడా సరిగ్గా అప్పుడే. ఆ రెండు నెలల్లో వెళ్ళి "తాజా వంజరం కావాలి" అంటే దొరకడం కష్టం, దొరికినా ఐసులో నిలవున్నదే కావచ్చు. అప్పుడు వెళ్తే చెరువు చేపలు, చెరువు రొయ్యలు, కాలవల్లో దొరికే కొరమేను అడగండి. భీమవరం చుట్టుపక్కల చెరువుల పుణ్యమా అని రొయ్యకి ఏడాది పొడుగునా లోటుండదు.

గోదావరికి ఎర్రనీరు వచ్చే జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అందరి నోటా పులస మాటే. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కదా. సముద్రంలో ఉన్నప్పుడు అది విలస. వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాకే పులస. రెంటికీ రుచిలోనూ, ధరలోనూ చాలా తేడా. వేరే చోట్ల నుంచి వచ్చిన విలసనే పులసని చెప్పి అమ్మేవాళ్ళున్నారు. కాబట్టి దారిలో ఏదో హోటల్ బోర్డు మీద "పులస పులుసు" అని చూసి ఆగకండి. తినాలనుంటే ఆ ప్రాంతంలో తెలిసినవాళ్ళ ద్వారా ముందురోజే చెప్పి, చేపని కళ్ళతో చూసి, తూకం వేయించి వండించుకోండి. ముళ్ళు విపరీతం. పిల్లలకి పెట్టొద్దు.

కార్తీక మాసంలో ఇంకో సంగతి. ఆ నెలంతా నీసు ముట్టని ఇళ్ళు చాలా ఉంటాయి. గిరాకీ తగ్గి కొన్ని మెస్‌లు వంట తగ్గించేస్తాయి, సోమవారాలు మరీను. ఆదివారం దీనికి పూర్తిగా తిరగబడుతుంది. ఊరివాళ్ళే వచ్చి తినేస్తారు కాబట్టి ఒంటిగంటన్నరకే చేపలు అయిపోతాయి.

2. రోజుని పొయ్యి వేళల ప్రకారం వేసుకోండి

టిఫిన్ ఏడు నుంచి తొమ్మిది లోపల. తొమ్మిదిన్నర దాటితే ఇడ్లీ చల్లారిపోతుంది, చట్నీ పలచబడుతుంది. భోజనం పన్నెండున్నర నుంచి రెండు లోపల. సాయంత్రం నాలుగున్నర నుంచి బజ్జీలు, పునుగుల బండ్లు. రాత్రి చిన్న ఊళ్ళలో అన్నం దొరకడం అనుమానమే. ఇడ్లీ, దోసె, పరోటా దొరుకుతాయి. రాత్రికి అన్నం తప్పనిసరి అనుకునే పెద్దవాళ్ళుంటే కాకినాడ, అమలాపురం, మచిలీపట్నం, చీరాల లాంటి పట్నాల్లో బస పెట్టుకోండి.

నేనైతే ఇలా వేసుకుంటాను. కాకినాడలో పొద్దున్నే టిఫిన్, కోనసీమలో మధ్యాహ్న భోజనం, రాత్రికి మచిలీపట్నం. మర్నాడు అక్కడే టిఫిన్ చేసి, మోపిదేవి మీదుగా పులిగడ్డ వారధి దాటి, బాపట్లలోనో చీరాలలోనో భోజనం. ఇంతకంటే ఎక్కువ తోయాలని చూస్తే ఏదో ఒక పూట బిస్కెట్ ప్యాకెట్లతో గడుస్తుంది.

ఇంకో చిన్న పని. పదకొండు గంటలకి, ఇంకా దారిలో ఉండగానే, వెళ్ళబోయే మెస్‌కి ఫోన్ చేయండి. మ్యాప్‌లో నంబరు దొరుకుతుంది. "ఆరుగురం వస్తున్నామండి, ఒంటిగంటన్నరకి. చేప ముక్కలు ఆరు పక్కన పెట్టండి" అని చెప్పండి. పెడతారు. చెప్పిన టైంకి వెళ్ళడం మాత్రం మన బాధ్యత. మన కోసం ఉంచిన ముక్కని ఇంకొకరికి లేదని చెప్పి ఉంటారు.

3. హోటల్ ఎంచుకోవడం

రేటింగులు చూడండి, కానీ రేటింగు రాసేది ఎక్కువగా మనలాంటి బయటివాళ్ళే. నేను చూసేవి వేరు. ఒంటిగంటకి బయట ఎవరి బళ్ళు ఆగున్నాయి? ఆర్టీసీ డ్రైవర్లు, బ్యాంకువాళ్ళు, కొబ్బరికాయల లారీలవాళ్ళు, మెడికల్ రెప్‌లు ఒకేచోట తింటున్నారంటే అక్కడ రోజూ తినగలిగే వంట ఉందని అర్థం. రోజూ తినేవాళ్ళకి సోడా ఉప్పు, పాత నూనె పెట్టి ఎవరూ వ్యాపారం నిలబెట్టుకోలేరు.

రెండోది, బోర్డు మీద ఎన్ని రకాలు రాశారు? బిర్యానీ, నూడుల్స్, తందూరీ, చేపల పులుసు అన్నీ ఒకే బోర్డు మీద ఉంటే చేపల పులుసు ఫ్రిజ్‌లోంచి వస్తుందని నా అనుభవం. "భోజనం, చేపలు, రొయ్యలు, కోడి" అని సుద్దముక్కతో నాలుగు మాటలు రాసినచోట ఆగండి.

మూడోది, చేతులు కడిగే చోటు. తినేముందు ఎలాగూ అక్కడికి వెళ్తాం. అక్కడి నుంచి వంటిల్లు కనిపిస్తే ఒకసారి చూడండి. కడిగిన గిన్నెలు బోర్లించి ఉన్నాయా, వండినవాటి మీద మూతలున్నాయా. అంతకంటే పరీక్ష అక్కర్లేదు.

4. కూర్చోగానే అడగాల్సినవి

ఇక్కడే బయటివాళ్ళం ఎక్కువగా దెబ్బతింటాం. బోర్డు మీద రాసిన ధర మామూలు భోజనానిది. అన్నం, పప్పు, వేపుడు, పచ్చడి, సాంబారో రసమో, పెరుగు అందులో వస్తాయి. చేపముక్క, రొయ్యలు, పీతలు వేరే లెక్క. చాలా మెస్‌లలో ముక్క లేకుండా చేపల పులుసు ఒట్టిగా పోస్తారు, దానికి డబ్బులు తీసుకోరు. కొన్నిచోట్ల తీసుకుంటారు. అడిగితే గాని తెలియదు.

సప్లయర్ పెద్ద పళ్ళెంలో రకరకాల ముక్కలు పెట్టుకుని వరస వెంట వస్తాడు. ఎర్రగా కాలిన వేపుడు ముక్కలు ఒక పక్క, పులుసులోంచి తీసిన ముక్కలు ఇంకో పక్క, మధ్యలో చిన్న గిన్నెల్లో రొయ్యల ఇగురు. ముక్కల అంచుల నుంచి నూనె కారుతూ కరివేపాకు అంటుకుని ఉంటుంది. వేడివేడిగా మన ముక్కు ముందుకి తెచ్చి నిలబెడతాడు. ఆ వాసనకి ఎవరైనా "అదొకటి, ఇదొకటి" అని వేలు చూపిస్తారు. ఒక్క క్షణం ఆగి ఇలా మాట్లాడండి.

"ఇవాళ ఏం చేపలున్నాయండి?"

"పండుగప్ప ఉందండి, మాగ ఉందండి. కొరమేను అయిపోయిందండి ఆయ్."

"పండుగప్ప ముక్క ఎంతండి?"

ధర చెప్తారు. నచ్చితే వేయించుకోండి, లేకపోతే "వద్దండి, పులుసు పోయండి చాలు" అనండి. ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడివాళ్ళు కూడా అడిగే తింటారు. గోదావరి జిల్లాల్లో చిన్నాపెద్దా అందరినీ "అండి" అనే పిలుస్తారు, సప్లయర్ కుర్రాణ్ణి కూడా. మనమూ అలాగే పిలిస్తే మాట కలుస్తుంది. వడ్డించే ఆవిడ పెద్దవారైతే "అమ్మా" అనండి.

ఒక బీచ్ దగ్గర హోటల్లో నేను ధర అడక్కుండా పీతల కూర చెప్పాను. బిల్లు వచ్చాక చూస్తే మా అయిదుగురి భోజనాలకంటే ఆ ఒక్క కూరే ఎక్కువ. పీతలు తూకం లెక్కన వేశామన్నారు. తూకం మేం చూడలేదు. అప్పటి నుంచి పీతలు, పెద్ద రొయ్యలు, మొత్తం చేప లాంటివి చెప్పేముందు మూడు ప్రశ్నలు తప్పకుండా అడుగుతాను. తూకమా, ప్లేటా? పచ్చిదాని తూకమా, వండాక తూకమా? వండే కూలీ అందులోనే ఉందా?

ఏ ముక్క అడగాలన్నది కూడా తెలిసుంటే మంచిది. పిల్లలకి, ముళ్ళు తీసుకోవడం చేతకానివాళ్ళకి పండుగప్ప, వంజరం, చందువ. ఒకటే నడిముల్లు, కండ మెత్తన. శీలావతి, బొచ్చె చెరువు చేపలు, రుచి బాగానే ఉంటుంది కానీ కండలో సన్నటి చీలిక ముళ్ళుంటాయి, చూసుకుని తినాలి. బొమ్మిడాయిల పులుసు, కొరమేను పులుసు కనిపిస్తే వదలకండి, అవి మంచినీటివి. నెత్తళ్ళ వేపుడు తలతో సహా నమిలేయవచ్చు. పులుసులో తల ముక్క ఇష్టపడేవాళ్ళుంటే ముందే చెప్పాలి, ఊరివాళ్ళు దాని కోసమే త్వరగా వస్తారు. జన, అంటే చేప గుడ్లు, దొరికితే అదృష్టం.

5. తాజాదా కాదా

వండిన ముక్కలో కూడా తెలుస్తుంది. తాజా చేప కండ పొరలు పొరలుగా విడిపోతుంది, కాస్త గట్టిగా, తడిగా ఉంటుంది. నిలవది పిండిలా చితికిపోతుంది, లేదా పీచులా లాగుతుంది. ముక్కు దగ్గర ఘాటుగా, మందులా వాసనొస్తే ఆకు పక్కన పెట్టేయండి. చెప్తే మార్చి ఇస్తారు.

బీచ్ దగ్గర బండ్ల మీద ఎర్రటి మసాలా పట్టించి పేర్చిన చేపల విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను. ఆ రంగు కింద చేప వయసు కనిపించదు. సూర్యలంకలోనో, ఓడరేవులోనో, కాకినాడ తీరంలోనో బండి దగ్గర ఆగితే మసాలా పట్టించనిది చూపించమనండి. కళ్ళు ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉండాలి. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడి ఉండిపోకూడదు. ఆ తర్వాత మన కళ్ళముందే మసాలా పట్టించి వేయించమనండి. నూనె నల్లగా ఉండి నురగ కడుతుంటే, చేప ఎంత మంచిదైనా వద్దు.

కానాగంతలు, ట్యూనా లాంటి చేపలు ఎండలో ఉండిపోతే వాటిలో పుట్టే హిస్టమిన్ వేయించినా, ఉడికించినా పోదు. తిన్న కొద్దిసేపటికే మొహం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. మధ్యాహ్నం ఎండలో ఐసు లేకుండా పెట్టినవి అందుకే ముట్టుకోవద్దంటున్నాను. రొయ్యలు, పీతలు పడనివాళ్ళు మీలో ఉంటే వాళ్ళకి వేపుడు కూడా వేరే మూకుట్లో చేయించాలి, ఒకే నూనెలో అన్నీ వేస్తుంటారు.

6. శాకాహారులైతే

కూర్చోగానే "చేపల పులుసు పోయొద్దండి" అని చెప్పండి, లేకపోతే అలవాటు కొద్దీ పోసేస్తారు. గరిటెలు, గిన్నెలు కలిసినా ఒప్పుకోనివాళ్ళు వేరే శాకాహార హోటల్‌కే వెళ్ళాలి. కాకినాడలో సుబ్బయ్య హోటల్ పేరు వినే ఉంటారు, ఇలాంటివారికి ఆ ఊళ్ళో భోజనానికి ఇబ్బంది లేదు. కోనసీమలో పనసపొట్టు కూర, కంద బచ్చలి వండిన రోజు తగిలితే రెండోసారి అన్నం పెట్టించుకుంటారు. ఆవపెట్టిన పనసపొట్టు ఘాటు ముక్కుకి తెలుస్తుంది. నేను చేపలు తినేవాణ్ణే, అయినా ఆ కూర ఉన్నరోజు ముక్క అడగను.

7. టిఫిన్ల కోసం హైవే దిగండి

ఈ దారిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది పొట్టిక్క. అమలాపురం నుంచి కాస్త లోపలికి, కొబ్బరి మార్కెట్ ఉన్న అంబాజీపేట దీనికి పేరుమోసిన ఊరు. పనసాకుల్ని పుల్లలతో కుట్టి చిన్న బుట్టల్లా చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ప్లేటులో పెట్టేటప్పుడు ఆకు ఇంకా అంటుకునే ఉంటుంది, ముదురాకుపచ్చగా, పొగలు కక్కుతూ. తొందరపడితే వేళ్ళు కాలతాయి. పుల్ల లాగి ఒక్కో ఆకూ మెల్లగా ఒలిస్తే ఆకు ఈనెల గీతలు పిండి మీద అచ్చుపడి కనిపిస్తాయి, ఉడికిన పనసాకు వాసన ఒక్కసారిగా పైకొస్తుంది. మొదటి ముక్క చట్నీ లేకుండా తినండి. ఆ తర్వాత అల్లం పచ్చడి. పొద్దున్నే వెళ్ళాలి, ఆలస్యమైతే ఆకు ఆరిపోయి వాసన పోతుంది. కాకినాడలో కాకుండా అమలాపురంలో రాత్రి బస చేసేవాళ్ళకి ఇది కుదురుతుంది.

పశ్చిమ గోదావరి వైపు దాటాక మినపరొట్టె అడగండి. మందంగా, పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉంటుంది. చెరుకు పానకం పోసి ఇచ్చేచోటు దొరికితే చట్నీ పక్కన పెట్టి అలాగే తినండి. పెసరట్టు ఉప్మా సంగతి తెలిసిందే, దాని గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు.

8. నీళ్ళు, డబ్బులు, డ్రైవింగ్

ఇరవై లీటర్ల క్యాన్ ఒకటి కారులో పెట్టుకోండి. తీరం ఊళ్ళలో బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. దాహానికి కొబ్బరి బొండం ఉండనే ఉంది, కోనసీమలో రోడ్డు పక్కనే కొట్టి ఇస్తారు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు దగ్గరుంచుకోండి. ఫోన్ పే అంతటా నడుస్తుంది కానీ దివిసీమ వైపు సిగ్నల్ పోయి కౌంటర్ దగ్గర నిలబడిపోయిన సందర్భాలున్నాయి. వందలు, యాభైలు చిల్లరగా ఉంచుకోండి. వడ్డించినవాళ్ళకి నేరుగా చేతిలో పెట్టడానికి కూడా పనికొస్తాయి.

యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది, మందు చవక. నడిపేవాళ్ళు ఆ షాపుల వైపు చూడనే వద్దు. తర్వాత వచ్చే కోనసీమ రోడ్డు కాలవ గట్ల పక్కన మలుపులు తిరుగుతూ పోతుంది. కడుపునిండా అన్నం తిన్నాక కూడా ఇరవై నిమిషాలు ఏ కొబ్బరితోట నీడలోనో ఆగి బయల్దేరండి.

9. పార్శిల్, ఇంటికి తీసుకెళ్ళేవి

మూడు గిన్నెల స్టీలు క్యారేజీ ఒకటి ఇంటి నుంచి తీసుకెళ్ళండి. మరుగుతున్న పులుసు ప్లాస్టిక్ కవర్లో పోయించుకుంటే ఆరోగ్యానికి మంచిది కాదు, కారులో చిట్లిందంటే వారం రోజులు వాసన వదలదు. క్యారేజీ ఇస్తే హోటల్‌వాళ్ళకీ సంతోషం, కొలత కూడా ధారాళంగా పడుతుంది. మధ్యాహ్నం కట్టించుకున్నది రాత్రి ఎనిమిదిలోపు తినేయండి, మర్నాటికి ఉంచొద్దు.

తీపి కోసం కాకినాడలో గొట్టం కాజా. కొనగానే ఒకటి అక్కడే తినండి, ఒక చివర కొరికితే లోపలి పాకం నోట్లోకి వస్తుంది. మచిలీపట్నంలో బందరు లడ్డు. శనగపిండితో చేసిన పూసని రోట్లో దంచి, జల్లించి, పాకం, నెయ్యి కలిపి కడతారు కాబట్టే తొక్కుడు లడ్డు అంటారు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేటపాలెంలో జీడిపప్పు. అక్కడ గుళ్ళు (విడిపోని పప్పులు), బద్దలు, నూక వేర్వేరు ధరల్లో అమ్ముతారు. ఉప్మాలోకి, పాయసంలోకి బద్దలు చాలు, గుళ్ళకి ఎక్కువ పెట్టక్కర్లేదు.

ఎండు రొయ్యలు, ఎండు నెత్తళ్ళు కొనేటప్పుడు గుప్పెడు చేతిలోకి తీసుకుని నలపండి. గలగలమనాలి, చేతికి తేమ తగలకూడదు. ఇసుక రాలుతుంటే పక్క కొట్టు చూడండి. పేపర్లో చుట్టి, ఆ పైన రెండు కవర్లు కట్టి, మూత గట్టిగా బిగిసే స్టీలు డబ్బాలో పెట్టి డిక్కీలో ఒక మూల ఉంచండి. ఇంటికెళ్ళిన మర్నాడు ఒకపూట ఎండబెట్టి, చల్లారాక గాజు సీసాలోకి తీయండి. గోంగూరలోకో, చింతచిగురులోకో కావలసినప్పుడల్లా గుప్పెడు తీసుకుని, పొడి మూకుట్లో వేయించి, తల, తోక తుంచి వేసుకోవచ్చు.